తాతకు తొలి పంచె

అవ్వా,

నువ్వు బొట్టుతోనే పోయావు. తాత కబురు మాత్రం ఇప్పుడొచ్చింది. హిందూపురం ఎస్టీడీ బూత్ నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేశానో! చివరికి మిలిటరీ వాళ్లు ఆయన రికార్డు వెతికి పంపారు. యుద్ధానికి వెళ్లిన ఏడాదికే బర్మాలో జ్వరంతో పోయాడట. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు.

పెద్దల అమావాస్యకు మన ఇంట్లో పోయినవాళ్లందరికీ కొత్తబట్టలు పెట్టేదానివి. తాతకు పెడదామంటే మాత్రం కసిరేదానివి. "బతికుండే మనిషికి యాడన్నా పెద్దల్లో పెడతారా?"

ఈ అమావాస్యకు ధర్మవరం వెళ్లి పంచె అడిగాను.

"ఎవురికప్పా? పెద్దాయనకా, వయసు పిల్లోనికా?" అన్నాడు అంగడాయన.

"మా తాతకు" అన్నాను. సన్నంచు పంచె తీసిచ్చాడు. మెట్లు దిగినవాణ్ణి మళ్లీ వెనక్కి వెళ్లి, ఎర్రటి పెద్దంచు పంచెతో మార్చుకున్నాను.

నీకు ఎప్పటిలాగే ముసలివాళ్లు కట్టే ముదురు రంగు నేత చీరే తెచ్చాను. పెనుకొండ ఇంట్లో పెద్దలందరి బట్టలూ పేర్చి, మీ ఇద్దరివీ పక్కపక్కన పెట్టి దీపం వెలిగించాను. చూడ్డానికి నేను తప్ప ఎవరూ లేరు. ఆ చీర, ఆ పంచె చూస్తుంటే, ఒక ముసలామె పక్కన మనవణ్ణి కూర్చోబెట్టినట్టుంది.