ఫ్రిజ్ ఖాళీ చేసి తీసుకురండి

ఆగస్టు 12, సోమవారం. అరోరా.

మేం ఊళ్లు తిరిగే ఇల్లులాంటి బండి, మోటార్ హోమ్‌లో గ్యాస్ వాసన. నిన్నటి నుంచి. పొయ్యీ, ఫ్రిజ్జూ నడిచేది ఆ గ్యాస్ మీదే; ఫ్రిజ్‌కి కావాలంటే కరెంటూ పెట్టొచ్చు. సర్వీసు షాపుకి ఫోన్ చేశాను. డేల్ అనే ఆయన ఎత్తాడు. రేపు సాయంత్రం తెమ్మన్నాడు. ఫ్రిజ్ ఖాళీ చేసి తీసుకురండి, గ్యాస్ కట్టేస్తాం, కరెంటూ ఇవ్వం అన్నాడు. మా ఆయన మురళి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఒక్క రాత్రి ప్లగ్‌లో పెట్టి ఉంచలేరా అని అడిగాడు. "నో సర్." ఇంకోలా అడిగాడు. మళ్లీ నో.

"ఎంత మొరటు మనిషో," అన్నాడు ఫోన్ పెట్టేసి.

నాకు మొరటుగా వినిపించలేదు. అర్థమయ్యేలా వినిపించింది.

ఫ్రిజ్‌లో ఉన్నవి: పెరుగు, కూరగాయలు, గుడ్లు, వారానికని నేను నిన్న వండిన కోడికూర నాలుగు డబ్బాలు. మురళికి ఉప్పు తగ్గించి వండాలి, బయట తిండి కుదరదు. వాళ్ల చెల్లెలు ఇచ్చిన కిడ్నీ పెట్టి రెండేళ్లు. దాన్ని ఒంట్లో నిలబెట్టే మందులే ఒంటికి రోగాన్ని ఎదిరించే శక్తి లేకుండా చేస్తాయి. నర్సు చెప్పిన లెక్క నాకు కంఠతా వచ్చు — నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన చోట రెండు గంటలు. ఆ తర్వాత పారెయ్యడమే.

ఆగస్టు 13, మంగళవారం.

రాత్రికి తీసుకున్న మోటెల్ గది ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టి చూశాను. యాభై రెండు. పనికిరాదు.

సత్యం ఫోన్. "మా ఇంట్లో అంత ఫ్రిజ్ ఉండగా మోటెల్ ఫ్రిజ్ ఏంటి చెల్లెమ్మా? తీసుకొచ్చెయ్." మురళికి ఇంజనీరింగ్ కాలేజీ స్నేహితుడు. వాళ్లు శాకాహారులు. రాజమండ్రి నుంచి వాళ్లమ్మగారు వచ్చి ఉన్నారు, గెస్ట్ రూమ్ ఆవిడది. అందుకే మా పడక మోటెల్‌లో.

గుమ్మంలోనే సత్యం భార్య లలితని అడిగాను. "కోడికూర ఉంది వదినా. ఇబ్బందైతే చెప్పండి, ఐసు కొని ఐస్ బాక్స్‌లో పెట్టుకుంటాం." పెద్దావిడ సోఫాలో కూర్చుని మా వైపే చూస్తున్నారు.

"అయ్యో, అదేం మాట వదినా! ఈ రోజుల్లో కూడానా!"

తనే ఫ్రిజ్ తలుపు తీసింది. అడుగు అర. సంచీ నేనే పెట్టాను. థర్మామీటర్‌లో పాత అంకెలు చెరిపి డబ్బాల మధ్య ఉంచాను. ఎక్కువ ఎంత, తక్కువ ఎంత, రెండూ గుర్తుపెట్టుకునే రకం. అలవాటు కొద్దీ పెట్టాను తప్ప అనుమానంతో కాదు.

ఆగస్టు 14, బుధవారం.

బండి పదకొండింటికి ఇచ్చారు. పైపు జాయింటు దగ్గర లీకు. ఫ్రిజ్ పూర్తిగా చల్లబడేసరికి సాయంత్రం అవుతుంది, అప్పటిదాకా ఏమీ పెట్టొద్దు అన్నాడు డేల్. చెప్పాల్సింది చెప్పి పనిలోకి వెళ్లిపోయాడు.

లలిత సంచీ సర్ది గుమ్మంలోనే పట్టుకుని నిలబడింది. పట్టుకుంటే చల్లగా ఉంది. ఐస్ బాక్స్‌లోకి మార్చాను. ఒంటిగంటకి ఒక డబ్బా వేడిచేసి మురళికి పెట్టాను. నేను పప్పు తిన్నాను.

ఐదింటికి మిగతావి ఫ్రిజ్‌లోకి సర్దుతూ థర్మామీటర్ చూశాను. ఇప్పుడు — 39. ఎక్కువ — 84.

పాడైందేమోనని ఐసునీళ్లలో ముంచాను. 32 చూపించింది. బాగానే ఉంది.

మోటెల్ కాదు, అక్కడి అంకె చెరిపాకే కదా సంచీలో పెట్టింది. బండి వెనక తగిలించుకుని తెచ్చిన మా కారూ కాదు, ఏసీ వేసుకుని పన్నెండు నిమిషాలు. వంటింట్లో 84 ఉండదు. ఆగస్టులో మూసి ఉన్న గరాజ్‌లో ఉంటుంది.

మూడు డబ్బాలూ చెత్తలో పడేశాను. నాలుగోది మురళి కడుపులో ఉంది.

చెప్పాను. "ఏం కాదులే, వేడి చేశావుగా." వేడికి చావని క్రిములు కూడా ఉంటాయి. తెలిసే అన్నాడు.

ఆగస్టు 15, గురువారం.

ఉదయం ఆరు. వాంతి. ఏడున్నర — మళ్లీ. విరేచనాలు. ఎనిమిదింటికి జ్వరం 100.8. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే ఆగకుండా రమ్మన్నారు.

నర్సు అడగాల్సినవే అడిగింది. ఏం తిన్నారు? ఎప్పుడు వండింది? ఎక్కడ ఉంచారు? నేను నోరు తెరిచే లోపు మురళి ఇంగ్లీషులో చెప్పేశాడు — మా మోటార్ హోమ్ సర్వీసుకి ఇచ్చాం, షాపువాళ్లు ఫ్రిజ్ ఆపేశారు.

ఆమె రాసుకుంది. నేను మురళి మొహంలోకి చూశాను. అతను సెలైన్ సీసా వైపు చూశాడు.

ఆమె వెళ్లాక — అలా ఎందుకు చెప్పావు?

"సత్యంతో నలభై ఏళ్ల స్నేహం. డాక్టర్‌కి కావాల్సింది కూర పాడైందన్న ముక్క. ఎవరింట్లో పాడైతే ఏంటి?"

ముప్పై ఏళ్లు పత్రికలో నేను జీతం తీసుకున్నది "ఎక్కడ" అన్న ప్రశ్నకి సరైన జవాబు రాసినందుకు. ఆ మాట అనలేదు. చేతికి సూది ఉన్న మనిషితో ఏం పోట్లాడతాం.

కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.9. పోయిన నెల 1.2. వాంతుల వల్ల నీరు తగ్గి పెరిగిందా, కిడ్నీకే దెబ్బ తగిలిందా ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఆగస్టు 16, శుక్రవారం.

హాస్పిటల్ కారిడార్ నుంచి లలితకి ఫోన్. ఒక్కటే అడిగాను. మంగళవారం రాత్రి కోడికూర ఎక్కడ ఉంది?

తలుపు వేసిన చప్పుడు. తర్వాత — "గరాజ్‌లో వదినా."

మిగతాది ముక్కలుముక్కలుగా వచ్చింది. మేం గుమ్మం దాటగానే అత్తగారు లేచారట. ఆ ఫ్రిజ్‌లో పాలు దేవుడికెలా పెడతావు అన్నారట. "ఒక్క రాత్రే కదా అనుకున్నాను... పొద్దున్నే తీసి గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టాను..."

ఫ్రీజర్‌లో ఎందుకు?

"చల్లగా లేకపోతే మీకు తెలిసిపోతుంది కదా. బాధపడతారని."

మేం బాధపడకుండా ఉండాలని.

ఒక్క మెసేజ్ పెడితే పది నిమిషాల్లో వచ్చి తీసుకెళ్లేవాళ్లం. అదే అన్నాను.

"మీరు మొహం మీద అడిగారు కదా వదినా. పక్కన ఆవిడ. కాదని ఎలా అంటాను?... అన్నయ్యగారికి ఎలా ఉంది?"

1.9 అని చెప్పి పెట్టేశాను.  

ఒక నిజం రాయాలి. డబ్బాలు చేతిలో పట్టుకుని, అత్తగారు వింటుండగా, "ఇబ్బందా" అని అడిగాను. పోలీసుల ఎదుట సాక్షి చెప్పిన మాటని కొత్త రిపోర్టర్ రాసుకొస్తే కొట్టేసి, విడిగా అడిగి రమ్మని వెనక్కి పంపేదాన్ని. నేను అడిగిందీ అలాంటి ప్రశ్నే. వచ్చిన జవాబుని నమ్మి పెట్టాను. ఇందువల్ల లలిత తప్పు వీసమెత్తు తగ్గదు.

ఆగస్టు 17, శనివారం.

1.7. తగ్గుతోంది. పాత అంకెకి వస్తుందా అంటే డాక్టర్ సోమవారం దాకా మాట ఇవ్వనన్నాడు.

సత్యం స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. షాపు పేరు, డేల్ పేరు, ఫ్రిజ్ ఆపేసి మన మురళిని హాస్పిటల్ పాలు చేశారు, ఎవరూ వెళ్లకండి. మురళి చెప్పిన మాటే — వాళ్లింటి నుంచి తెచ్చుకున్నాక బండి ఫ్రిజ్‌లోనే కూర పాడైందని నమ్మాడు. సాయంత్రానికి పదకొండు మంది ఆ షాపుకి నెట్‌లో ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చి వచ్చారు. వాళ్లలో మోటార్ హోమ్ ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఫోన్ కూడా చేశాడు. "చెల్లెమ్మా, నువ్వు జర్నలిస్టువి. ఊరుకుంటావేంటి? ఉతికి ఆరెయ్."

అతనికి తెలియదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకి తెలుసు.

సత్యం పోస్టు కింద లలిత: "చాలా దారుణం." దండం పెట్టే చేతులు రెండు.

ఈ మొత్తం వ్యవహారంలో కుదరదు అని మొహం మీద చెప్పిన మనిషి ఒక్కడే. రెండుసార్లు చెప్పాడు. ఒక్క స్టార్లు అతనికి.

ఆగస్టు 18, ఆదివారం.

హాస్పిటల్ నుంచి మురళిని పంపించారు. బండి ఇలాంటి బండ్లు నిలుపుకునే క్యాంప్‌గ్రౌండ్‌లో ఉంది. జావ కాచాను. సగం తాగాడు.

గ్రూపుకి నాలుగు వాక్యాలు రాశాను. షాపువాళ్లు ఫ్రిజ్ ఖాళీ చేయమని ముందే చెప్పారు. మేం ఖాళీ చేశాం. కూర వేరేచోట రాత్రంతా వేడిలో ఉంది. రేటింగులు తీసేయండి. లలిత పేరు లేదు. అయినా ఆ కూర ఎవరింటికి వెళ్లిందో సత్యానికి తెలుసు.

పంపే ముందు లలితకి చెప్పాలి కాబట్టి చెప్పాను. వెంటనే ఫోన్.

"అత్తయ్యగారు వచ్చే నెల వెళ్లిపోతారు వదినా. అప్పటిదాకా ఆగండి. ఇప్పుడు బయటపడితే ఈయన ఆవిడ మీద అరుస్తారు, ఆవిడ అన్నం మానేస్తారు, చివరికి అంతా నా నెత్తి మీదికి..."

నా దగ్గర మాట సిద్ధంగా ఉంది. కుదరదు. నిన్నటి నుంచీ అనుకుంటున్న మాటే. మురళి జావ గిన్నె కింద పెట్టి నా వైపు చూస్తున్నాడు.

"చూద్దాం వదినా," అన్నాను.

"థాంక్స్ వదినా. మీరు అర్థం చేసుకుంటారని నాకు తెలుసు."

సరే అన్నట్టే తీసుకుంది. ఎవరైనా అలాగే తీసుకుంటారు.

రేపు ఏడున్నరకి మురళికి రక్తపరీక్ష. ఎనిమిదింటికి డేల్ షాపు తెరుస్తాడు. నాలుగు వాక్యాలూ పంపకుండా ఫోన్‌లోనే ఉన్నాయి. మళ్లీ చదివాను. మార్చాల్సింది ఏమీ లేదు.