గోపమ్మ ఎడమ చెయ్యి

సూర్యాపేట,
14 మార్చి 1949

సుభద్రా,

నువ్వింకా కాలేజీలోనే ఉన్నవు కాబట్టి నిన్నే అడగాలి.

మా అన్న బిడ్డ గోపమ్మకు ఆరేండ్లు. ఏ పనైనా ఎడమ చేత్తోనే చేస్తది. పోయిన వారం కోదాడ నుంచి వచ్చిన వదిన మేనమామకు ఆ చేత్తోనే మజ్జిగ చెంబు అందించింది. ఆయన ముట్టకుండా లేచిపోయిండు. ఆ రోజు నుంచి మా అమ్మ దాని ఎడమ చేతిని పాత ధోతి పీలికతో నడుముకు కట్టి ఉంచుతున్నది.

ఊరుకోలేక, పత్రికలో చదివింది చెప్పిన. అమెరికాలో ఎడమ చేత్తో బంతి విసిరేవాళ్లను సౌత్‌పా అంటరు, దక్షిణం వైపు పంజా అని దాని అర్థం, మెచ్చుకుంటూ కూడా అంటరు అని.

అమ్మ నవ్వింది. "పంజా జంతువుకుంటది గదనే! గా దొరలకు గూడ మనిషి చెయ్యి అన బుద్ధికాలే. గీ సదువుకేనా నిన్ను పట్నం తోలింది?"

అందుకే నీకు రాస్తున్న. లైబ్రరీలో పెద్ద డిక్షనరీ చూసి, ఆ మాటను మర్యాదగా వాడిన వాక్యాలు రెండు రాసి పంపు. కింద మీ ఇంగ్లీషు మేడం సంతకం ఉంటే ఇంకా మంచిది. సంతకమున్న కాయితమంటే అన్న వింటడేమో.

జర తొందరగా పంపు. కుడి చేత్తో తింటే మెతుకులు రాలి అందరూ నవ్వుతున్నరని గోపమ్మ అన్నం అడగడమే మానేసింది. పొద్దున లేవంగనే పీలిక పట్టుకొని నా ముందు నిలబడతది.

"అత్తా, నువ్వే కట్టు. నాయినమ్మ కడితే నొస్తది."

కడుతున్న, సుభద్రా. వదులుగనే కడుతున్న.

నీ నేస్తం