నూట యాభై గ్రాముల తరుగు

ధర్మవరం,
14 జూన్ 2006, బుధవారం

వెంకటేశూ,

నువ్వు పోయి ఏడాదీ రెండు నెలలూ అయింది. బాగున్నావా అని అలవాటు కొద్దీ రాసి, కొట్టేశాను.

రేపు నేను ఇద్దరు మనుషుల ముందు నిలబడి మాట్లాడాలి. అంతకుముందు జరిగింది జరిగినట్టు నీకు చెప్పాలని ఇవాళ రాస్తున్నాను. సంగతి నీ కంప్యూటర్ గురించే.

నా మనవరాలు లతే ఇప్పుడు నీ కుర్చీలో కూర్చుని చీరలకు నమూనాలు గీస్తోంది. మన చీరలు కొనే షావుకారు మొదటిసారి లత పేరు మీదే ఒక కొంగు నమూనా అడిగాడు. శనివారానికల్లా ఇవ్వాలి. కొత్త ప్రోగ్రాం వేసుకుంది కానీ, కొంగు మొత్తం తెర మీదికి తెచ్చేసరికి మిషన్ నిలబడిపోతోంది. గ్రాఫిక్స్ కార్డు పాతదట, మార్చాలట. నువ్వు కంప్యూటర్ డబ్బాలు బాగు చేయించే అనంతపురం అన్వర్ అంగడికే ఫోన్ చేయించాను.

అన్వర్ దగ్గర రెండు కార్డులున్నాయి. పెద్దది, ఫ్యాను ఉన్నది, బాగా పని చేస్తుందట. కానీ అది ఇవ్వనన్నాడు!

"అవ్వా, ఆ డబ్బాలో పవర్ సప్లై రెండొందల యాభై వాట్లే ఉండాది. పెద్ద కార్డు పెడితే అది మోయలేదు. పాప కొంగు సగం గీసేలోపల టప్పుమని ఆగిపోతాది. చిన్నది పెట్టుకోండి, సాలు."

ఎక్కువ ధర వస్తువు వద్దు, తక్కువది తీసుకో అనే అంగడివాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. నువ్వు చూశావా? ప్రాసెసరుకు ఎన్ని వాట్లు, హార్డ్ డిస్కుకు ఎన్ని, సీడీ పెట్టెకు ఎన్ని అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాను. పెద్ద కార్డు వేసి కూడినా రెండు వందల ఇరవై ఐదే వచ్చింది. ఇంకా పాతిక మిగులుతుంది కదా అన్నాను.

"కాయితం మీద మిగులుతాది అవ్వా! మన ఊర్ల కరెంటు ఎగిరెగిరి పడతాంటే ఆ పెట్టె అయిదేండ్ల నుంచి తట్టుకోనుండాది. ఇప్పుడు దాని మీద పూర్తి భారం ఎయ్యొచ్చునా? అదైనా మంచి పెట్టె కాబట్టి ఉండాది. మంచివి బరువుంటాయి, లోపల రాగి ఉంటాది."

ఆ ఆఖరి మాట పట్టుకున్నాను.

నేతగాడికి పట్టు తూచి ఇచ్చి, చీర తూచి తీసుకునే ఇల్లు మనది. ఇంట్లోంచి ఏది పోయినా కాటా ఎక్కే పోతుంది. లత డబ్బాను దుప్పట్లో చుట్టి బస్సుకు తీసుకుపోయే ముందు, దుప్పటి విప్పించి పట్టు కాటా మీద పెట్టాను. ఎనిమిది కిలోల ఆరు వందల నలభై గ్రాములు. లత తల పట్టుకుంది.

"జేజీ, కంప్యూటర్‌ను గూడా తూకం ఎయ్యాల్నా? ఊర్లో ఎవురన్నా చూస్తే నగుతారు!"

నవ్వనీ. నువ్వు నవ్వలేదా... "అక్కా, నువ్వు మనుషుల్ని గూడా కాటా మీద నిలబెట్టి ఇంట్లోకి రానిస్తావే!" అని.

సోమవారం సాయంత్రం డబ్బా తిరిగి వచ్చింది. తీసేసిన పాత కార్డు కవర్లో పెట్టి ఇచ్చాడు, తొంభై గ్రాములు. కొత్త దాని బరువు అంగట్లోనే తూయించుకుని రమ్మన్నాను, నూట ముప్పై. అంటే డబ్బా నలభై గ్రాములు పెరగాలి. నూట పది గ్రాములు తగ్గింది! మొత్తం మీద నూట యాభై గ్రాముల తరుగు. పట్టులో అంత తరుగు చూపిస్తే మనం ఊరుకుంటామా?

బరువైన మంచి పెట్టె తీసేసి తేలికైనది పెట్టాడని తీర్మానించుకున్నాను. డబ్బాకు కరెంటు ఇవ్వొద్దని లతకు చెప్పాను. అంతటితో ఆగలేదు. మంగళవారం పొద్దున షావుకారు ఇంటికి పోయి, "నీ అంగడి మిషన్లు ఆ అన్వర్‌కు ఇవ్వొద్దు, సామాను మారుస్తున్నాడు" అని చెప్పి వచ్చాను. ఆయన అప్పటికప్పుడే, బాగు చేయడానికి పంపవలసిన రెండు డబ్బాలను ఆపేశాడు.

అన్వర్‌కు కూడా ఫోన్ చేశాను. అంతా విని, "వచ్చి సూసుకో అవ్వా. నేను ఏమీ మార్చలేదు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది.

లత నిన్నంతా నాతో మాట్లాడలేదు. నమూనా గీయక, మగ్గానికి నమూనా చిల్లుల అట్టలు కొట్టించలేక, ఉత్త తెర ముందు కూర్చుంది. ఇవాళ మధ్యాహ్నం స్క్రూడ్రైవరు తీసుకుని డబ్బా పక్క రేకు విప్పేసింది.

"రా జేజీ, నీ కండ్లతోనే సూడు. సూసి సెప్పు, యాడ మార్చినాడో!"

అద్దాలు పెట్టుకుని వంగి చూశాను.

పవర్ సప్లై పెట్టె వైర్ల మీద ఎర్ర పట్టుదారం ముడి ఉంది, వెంకటేశూ. మన పట్టుదారపు చుట్ట, మన లడి, వేరేవాళ్ల లడితో కలవకుండా కట్టే జంట ముడి, నీ చేతి ముడి. హార్డ్ డిస్కుకూ ఒకటి. సీడీ పెట్టెకూ ఒకటి. నన్ను చూసి అంతగా నవ్వేవాడివి, నువ్వు మాత్రం ఎవరిని అనుమానించి ఇవన్నీ కట్టావు? అన్వర్‌నేనా? ఒక్క మాట నాకు చెప్పలేదే...

అతడు ఆ ముళ్లను ఒక్కటి కూడా కదపలేదు. చుట్టూ శుభ్రంగా ఉంది, ఒక్క నలుసు లేదు. అప్పుడు అడిగాను లతను, అక్కడ ఏం చేశాడని.

"బయట అరుగు మీద పెట్టి బ్లోయర్‌తో ఊదినాడు. ఎర్రగా పొగ లేసినట్ల లేసింది జేజీ. దార్లో పోయేటోళ్లు తుమ్ముకుంటా తిట్టుకుంటా పోయినారు."

అయినా నమ్మలేదు. దుమ్ము నూట యాభై గ్రాములుంటుందా? డబ్బా ఉండే మూలను బల్ల కింద చీపురుతో ఊడ్పించి, వచ్చింది తూచాను. ఎర్రమట్టి, పట్టు నూగు, ఒక విరిగిన పెన్సిల్ మొన. ఆ ఒక్క మూలే ముప్పై అయిదు గ్రాములు. నువ్వు ఆ డబ్బా ముందు కూర్చున్నన్నాళ్లూ దాని ఫ్యాను ఈ గది గాలిని లోపలికి లాగుతూనే ఉంది కదా.

అంటే ఆ నూట యాభై గ్రాములు నీ గది దుమ్మే. అనంతపురం వీధిలో ఊదేశాడు. పాపం, అతనికేం తెలుసు? నేనూ దాన్ని ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

తప్పు నాది. చిన్న కార్డు సంగతి కూడా అతడు చెప్పిందే సరి. సాయంత్రం లత కొంగు మొత్తం తెర మీదికి తెచ్చి చూపించింది, ఎక్కడా నిలబడలేదు. ఇక జరగవలసినవి రాసిపెడుతున్నాను.

1. రేపు పొద్దున షావుకారు అంగడి తెరవకముందే పోయి, అన్వర్ గురించి నేను చెప్పింది అబద్ధమని నా నోటితోనే చెప్పాలి. ఆపిన రెండు డబ్బాలు నా ముందే బస్సు ఎక్కాలి.

2. అదే బస్సులో నేనూ అనంతపురం పోవాలి. అన్వర్‌ను క్షమించమని అడగాలి. అంగట్లో ఎవరున్నా సరే, గొంతు తగ్గించకూడదు.

3. లత వెంట రానంటోంది. రావద్దు. శనివారం లోపల కొంగు పూర్తి చేయాలి. పేరు తనదే వేసుకోవాలి.

4. నీ ముళ్లు విప్పకూడదు.

5. మూల ఊడ్చిన ముప్పై అయిదు గ్రాములు కాగితంలో పొట్లం కట్టి పెట్టాను. పారేయాలి. ఇవాళ కాదు.

నీ అక్క