పద్నాలుగో ఇల్లు

ఫిబ్రవరి 3, సోమవారం

మెడలో కార్డు వేశారు. నా ఫోటో, కింద ‘సహ పరిశోధకురాలు’. అద్దకం మిల్లులో పదకొండేళ్లుగా నూలు ఉతుకుతున్నా నా పేరు ఎవరూ అచ్చేయించలేదు. మా వీధిలో కడుపులు ఎందుకు నిలవడం లేదో, పుట్టినవాళ్లు ఎందుకు దక్కడం లేదో తెలుసుకోవడానికి యూనివర్సిటీ మేడం వచ్చారు. ఇది మా పరిశోధన కాదమ్మా, మీదే అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, మనదే అయితే ఒక వారం ఆపమని చూడు, ఆపుతారేమో అన్నాడు. నవ్వొచ్చింది.

నాకూ రెండు పోయాయి. నన్ను ఎంచుకున్నది అందుకేనట. అదొక అర్హత అని ఇవాళే తెలిసింది.

ఫిబ్రవరి 11

వారానికి రెండు పూటలు షిఫ్టు మానాలి. సూపర్‌వైజరు మొహం ముడుచుకున్నాడు. ఇరవై ఇళ్లు, ఇంటికి నలభై రెండు ప్రశ్నలు.

ఎదురింట్లో చొక్కాలకి బొత్తాలు కుట్టే ఆవిడ తలుపు ఓరగా తీసింది. పంపు దగ్గర తనంతట తనే అన్నీ చెప్పుకునే మనిషి. కార్డు కేసి చూసి, నువ్విప్పుడు ఎవరి మనిషివే అంది. నీ మనిషినే అన్నాను. అయితే ఆ రికార్డరు కట్టేసి కూర్చో అంది. కట్టేస్తే ఇంటర్వ్యూ కిందకి రాదు. కట్టలేదు. ఆవిడ పొడిపొడిగా చెప్పి పంపేసింది.

ఫిబ్రవరి 19

పదమూడు అయ్యాయి. అన్నం సయించడం లేదు.

ఫిబ్రవరి 20

పద్నాలుగోది మా తోటికోడలు ఇల్లు. మా రెండిళ్లకీ నడిమి గోడ ఒకటే. అక్కదని చెప్పకుండా, ఆ ఇల్లు వదిలేద్దాం మేడం అన్నాను. చీటీలు తీసి ఎంచిన ఇళ్లు, ఒకటి మార్చినా స్టడీ చెడిపోతుందన్నారు. ఇష్టం లేకపోతే ఆ ఇంటావిడే కాదనొచ్చు కదా అని కూడా అన్నారు.

అక్క నాకు ఎప్పుడు దేన్ని కాదంది?

ఫిబ్రవరి 21, మధ్యాహ్నం 3

ఇది రాయకూడదు. అయినా రాస్తాను.

నీ పని ఆగకూడదు కదా, అడుగు అంది అక్క. ఎవరికీ తెలియదని మాటిచ్చాను. పేరు ఉండదన్నాను. బియ్యం ఏరుతూ మొదలుపెట్టింది. ఇరవై ఆరో ప్రశ్న దగ్గర చేట కింద పెట్టింది.

తొమ్మిదేళ్ల కిందటి సంగతి. అప్పటికి నేనింకా ఈ ఇంటికి రాలేదు. పొద్దున్నే నొప్పులొస్తే బావగారు బండి తేవడానికి పరిగెత్తారు. దారిలో మిల్లు గేటు దగ్గర ఆగారట, షిఫ్టుకి రాలేనని చెప్పడానికి. చెప్పకపోతే ఉద్యోగం ఊడుతుంది. అక్కడ ఎవరో నిలబెట్టేశారు. ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. బిడ్డ ఏడవకుండానే పుట్టిందని అక్క ఆయనకి చెప్పింది. ఇప్పటికీ ఆ మాట వస్తే బావగారు, పోనీలే, దానికి ఏ బాధా తెలీలేదు అంటారు.

నిజానికి బిడ్డ ఏడ్చిందట. రెండుసార్లు. ఆ తర్వాత కొంచెంసేపు కళ్లు తెరిచి చూసిందట. ఈ మాట తెలిస్తే మీ బావ బతకడే, అందుకని మింగేశాను అంది అక్క.

ఆ తర్వాత ఇరవై ఏడో ప్రశ్న అడిగాను. ఎలా అడిగానో నాకే తెలియదు.

ఫిబ్రవరి 24

రికార్డింగు విని నేనే రాయాలి. ఏడ్చిన చోట బ్రాకెట్లో ‘ఏడుపు’ అని పెట్టాలట. నాలుగుసార్లు విన్నాను. ఏడు చోట్ల పెట్టాను.

ఏప్రిల్ 16, ఉదయం 9

ఇవాళ మీటింగు. ఫలితాలు మా వీధికే తిరిగి చెబుతారట. చదవాల్సింది నేను. కాగితాలు ఇప్పుడే చేతికిచ్చారు. ఆరో పేజీలో అక్క మాటలు ఉన్నాయి. బండి, మిల్లు గేటు, రెండుసార్లు, అన్నీ. పైన ‘పద్నాలుగో మహిళ’ అని మాత్రం ఉంది.

తీసెయ్యండి మేడం అని బతిమాలాను. రిపోర్టుకి అదే ప్రాణం, పేరు తీసేశాం కదమ్మా అన్నారు. మా వీధిలో మనిషిని గుర్తుపట్టడానికి పేరెందుకు?

ఏప్రిల్ 16, సాయంత్రం

ఆరో పేజీ ఎగరగొట్టి ఏడో పేజీలోకి వెళ్లిపోయాను. నేను తడబడ్డాననుకున్నారు మేడం. నా భుజం మీద చెయ్యి వేసి, కాగితం తీసుకుని, తనే చదివారు. చాలా బాగా చదివారు.

బావగారు మూడో వరసలో కూర్చున్నారు. మిల్లు గేటు అన్న మాట దగ్గర తలెత్తారు. రెండుసార్లు అన్న మాట దగ్గర లేచారు. కుర్చీ పడిపోతే దాన్ని వంగి నిలబెట్టి, పక్కవాళ్లని తప్పించుకుంటూ మెల్లగా బయటికి వెళ్లారు. అక్క కదలలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఏప్రిల్ 19

బావగారు మిల్లు గోడౌనులోనే పడుకుంటున్నారట. తలుపు కొట్టాను. అక్క తీయలేదు.

ఏప్రిల్ 20

అక్క నన్ను చూసి పంపు దగ్గరి నుంచి ఖాళీ బిందెతో వెనక్కి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 27

మేడం ఫోన్ చేశారు. పెద్ద సదస్సు ఉందట. ఆ పద్నాలుగో మహిళ తానే వచ్చి మాట్లాడితే ఎంత బలంగా ఉంటుందో, ఒకసారి అడిగి చూడమన్నారు. ఆవిడ ఎవరో మీకు తెలుసా మేడం అన్నాను. రూల్స్ ప్రకారం తెలుసుకోకూడదమ్మా అన్నారు.

ఫోన్ పెట్టేశాను.

మే 2

బావగారు వచ్చారు. గడప దాటలేదు. గట్టిగా ఏడ్చిందా, సన్నగానా అని అడిగారు.

నేను అడగలేదు బావగారూ అన్నాను.

వెళ్లి పక్కనే తన ఇంటి తలుపు కొట్టారు. అక్క తీసింది. ఇప్పుడు గోడ అవతల ఇద్దరి గొంతులూ వినిపిస్తున్నాయి.

రేడియో పెద్దగా పెట్టాను.