ఘాటాసురుడికి కట్టిన ఎర్ర తువ్వాల

మే 4, ఆదివారం

ఇవాళ కూడా వచ్చాడు టీవీలో ఘాటాసురుడు! ముక్కూ మూతీ కప్పి ఎర్ర తువ్వాల, నెత్తుటి కళ్ళు, ఎడమచేతిలో బస్తాలు గుచ్చి ఎత్తే ఇనుప కొక్కెం, వీపు మీద బస్తా. బస్తా మూతి విప్పాడంటే ఊరు ఊరంతా తుమ్ములే తుమ్ములు! నేనే. ముమ్మాటికీ నేనే. మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు బస్తాలు మోసిన నన్ను, బొమ్మలు గీసే నా కొడుకు శ్రీకాంత్, లోకంలో పిల్లలందరికీ విలన్‌ని చేసి కూర్చోబెట్టాడు. ఏ హమాలీకి పట్టింది ఇంత అదృష్టం! లేచి నిలబడి చూశాను. మోకాలు కూడా నొయ్యలేదు.

చూశాను అంటే... సగమే. ఘాటాసురుడు రాగానే నా భార్య కొమురమ్మ వచ్చి టీవీకి అడ్డంగా నిలబడి చీర మడతపెట్టింది. ఒక చీర మడతపెట్టడానికి అంతసేపా! 

"జర జరుగవే."

"ఏం జూత్తవ్? కొడుకు రాచ్చసున్ని జేత్తే మురిసెటోణ్ణి నిన్నే జూసిన."

మే 6, మంగళవారం

ముందు బొమ్మల పుస్తకం వచ్చింది. 'మెరుపు దండు' అని. అందులో ఉన్నది నేనేనని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, కొమురమ్మ కూడా. తర్వాత కార్టూను వచ్చింది. ఇక గల్లీ పిల్లలు ఊరుకుంటారా? "అవ్వా, ఘాటాసురుడు ఇంట్ల ఉన్నడా?" అని గేటు దగ్గర నిలబడి కొమురమ్మను అడిగారు ఒకరోజు. నేను తువ్వాల కట్టుకుని బయటికి ఉరికాను, సంతోషంగా. పిల్లలు కేకలు... నవ్వులు... వెనక్కి తిరిగి చూస్తే కొమురమ్మ కళ్ళలో నీళ్ళు.

అప్పటి నుంచీ కొడుకుతో మాటల్లేవు. హైదరాబాదు నుంచి వాడు ఫోన్ చేస్తే ఎత్తదు. మోగి మోగి ఆగాల్సిందే.

మే 8, గురువారం

ఆనందం! ఆనందం! 

"బాపు, నీ బొమ్మ అత్తాంది. ఆడుకునే బొమ్మ. చేతులు, కాళ్ళు మెదుల్తయ్" అన్నాడు శ్రీకాంత్. పద్దెనిమిదిన హనుమకొండలో ఒక పెద్ద షాపులో విడుదల. మమ్మల్ని ఇద్దరినీ స్టేజీ ఎక్కిస్తాడట. "అవ్వను తీస్కరా బాపు. మరువకు."

ఫోన్ వాళ్ళ అమ్మ ముందు పెట్టాను. కాలిన పెనాన్ని చూసినట్టు చూసింది.

"అవ్వ ఇంట్ల లేదని జెప్పు." గట్టిగానే అన్నది.

"ఇనవడ్డది అవ్వా" అన్నాడు వాడు ఫోన్లోంచి.

కొంగు దులుపుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇద్దరి మధ్య ఫోన్ పట్టుకుని నేను... బస్తా మోయడం ఇంతకంటే సులువు.

మే 10, శనివారం

యాకూబ్‌తో చాయ్. నాతోపాటు బస్తాలు మోసినవాడు, ఇప్పుడు మనవళ్ళతో కార్టూన్లు చూస్తున్నాడు.

"ఏం కాకా, మల్ల ఓడినవట గద?"

నిజమే, అది నాకూ మంటే. ప్రతివారం ఓటమి! మెరుపు దండులో ముగ్గురు పిల్లలు, చేతుల్లో పిచికారీలు, వాటి నిండా మజ్జిగ. మజ్జిగ పడగానే ఘాటాసురుడు చల్లబడి కూలిపోతాడు. ఇదేం న్యాయం? నిండు బస్తా ఎత్తే మనిషి మజ్జిగకు పడిపోతాడా? ఉండబట్టలేక శ్రీకాంత్‌కు ఫోన్ చేశాను.

"ఒక్కసారన్న గెలిపియ్యిరా నన్ను."

"విలన్ గెలుత్తే కథ అయిపోతది బాపు."

"అయిపోనియ్యి!"

నవ్వాడు. "గా మజ్జిగ ఎక్కడిదో ఎర్కలేదా నీకు?" అన్నాడు.

ఎరుకే. పొద్దుగూకి యార్డు నుంచి వస్తే కొమురమ్మ గడప దగ్గరే చెంబెడు మజ్జిగ ఇచ్చేది. అది తాగాకే ఇంట్లోకి. ఒళ్ళంతా మంట అప్పుడు దిగేది. పిల్లవాడు అన్నీ చూశాడన్నమాట... 

ఈ మాట కొమురమ్మకు చెప్పబోయాను. మిక్సీ వేసింది.

మే 12, సోమవారం

చారులో కారం లేదు. కావాలనే.

మే 13, మంగళవారం

ఇవాళ అడిగేశాను. నీ బాధేంటి, నాకు లేని అవమానం నీకెందుకు అని. బట్టలు పిండుతూ మొదలుపెట్టింది, ఆగలేదు.

"నీకు సిగ్గులేకపాయె. గా తువ్వాల ఎవలు ఉతికిండ్లు? నేను. ఇంటి బట్టల్ల కలుపకుంట వేరే బకిట్ల. చేతులు మండి బువ్వ కలుపుకోరాక చెంచతోని తిన్న. పోరడు ఏడుత్తాంటె గీ చేతులు వాని కండ్లకు తాకుతయని మోచేతులతోని ఎత్తుకున్న వాన్ని. మోచేతులతోని! గా తువ్వాలను తీస్కపోయి రాచ్చసునికి గట్టిండా?"

మోచేతుల సంగతి నాకు తెలియదు. ఆ పసితనంలో, నేను ఇంటికి వచ్చేసరికి వాడు నిద్రపోయి ఉండేవాడు.

ఇది ఇక్కడే రాస్తున్నాను. ఎవరికి చెప్పను?

మే 14, బుధవారం

ఆమె అన్నది అన్నట్టే శ్రీకాంత్‌కు చెప్పాను.

"బాపు... హీరోలను కంపెనోళ్ళు చెప్తే గీసిన. ఘాటాసురున్ని ఎవ్వలు చెప్పలె. యార్డు గేటుకాడ నిలవడి జూసేది గద నేను. నువ్వు 'జరుగు! జరుగు!' అనుకుంట అత్తాంటె సేట్లు గూడ పక్కకు దునికేది. గంత బలమైనోన్ని మల్ల యాడ జూడలె."

అయ్యో నా తండ్రీ! బస్తా ఎవరికీ తగలొద్దని అరిచేవాణ్ణిరా. అందరం అట్లాగే అరిచేవాళ్ళం. కార్టూన్లో అదే వాడి గర్జన. "జరుగు! జరుగు!" అంటే ఊళ్ళే ఖాళీ అవుతాయి. ఈ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోను నేను!

ఉరికి వచ్చి కొమురమ్మకు చెప్పాను. చాటలో బియ్యం అట్లాగే ఉంచి విన్నది. మొత్తం విన్నది!

"గీ ముచ్చట నాకెందుకు చెప్పలె వాడు?"

"నువ్వు ఫోనెత్తితె గద!"

అనకుండా ఉండాల్సింది. అయిపోవచ్చిన పనిని నా నోటితో నేనే చెడగొట్టుకున్నాను. చాట నేలకు కొట్టి లేచిపోయింది. ఛీ.

మే 17, శనివారం

తెల్ల అంగీ ఇస్త్రీ చేయించాను. ఆమె సంచి సర్దుకుంది. నెక్కొండలో చెల్లెలి ఇంటికట.

"రేపు హనుమకొండకు..."

"నువ్వు పో. నీకు మురిపెం గద."

మే 18, ఆదివారం

వెళ్ళి వచ్చాను, ఒక్కణ్ణే. తలుపు పక్కన నిలువెత్తు ఘాటాసురుడు. పిల్లలు, పిల్లలు, పిల్లలు! స్టేజీ మీద నాకొక కుర్చీ, పక్కన ఇంకొకటి. రెండో దాంట్లో ఎవరో సంచి పెట్టారు. మైకు ఇచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. "జరుగు! జరుగు!" అని అరిచాను, అంతే. పిల్లలు గంతులు! వెంటనే దగ్గు... ఆగని దగ్గు. అది కూడా ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. శ్రీకాంత్ వచ్చి వీపు రాశాడు.

అవ్వ ఏదని అడగలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూశాడు.

బొమ్మ డబ్బా నా చేతికి ఇచ్చి, "అవ్వకియ్యి" అన్నాడు. వాడు అటే హైదరాబాదు, నేను ఆటోలో ఇంటికి. ఇంత గొప్ప దినం... ఇంటికి వచ్చి తాళం తీస్తుంటే ఏడుపు వచ్చింది. కోపమో ఏమో.

మే 19, సోమవారం

కొమురమ్మ పొద్దున రైలుకు దిగింది. డబ్బాను ఫ్రిజ్ మీద అందరికీ కనబడేలా పెట్టాను. దాని పక్కనున్న అగ్గిపెట్టె తీసుకుంది. డబ్బాను చూడలేదు.

మే 20, మంగళవారం

చాయ్ తాగి వచ్చేసరికి కొమురమ్మ అరుగు మీద ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుంది, డబ్బా చించేసి ఉంది, బొమ్మ ఒళ్ళో ఉంది. నేను గోడవారనే ఆగిపోయాను. తువ్వాల ముడిని వేలితో తడుముతోంది.

"ముడి ఎనుకకు ఏసిండు. మంచిగనే ఏసిండు" అన్నది, నాతో కాదు. తర్వాత బొమ్మను అటూ ఇటూ తిప్పింది. మొహం మారింది.

"ఇదేంది? కొక్కెం కుడిచేతుల ఉన్నది?"

చూశాను. నిజమే! రెండు రోజుల నుంచి డబ్బా మీదే ముద్దులు పెట్టుకుంటున్నాను, నేను గమనించలేదు. చిన్నప్పుడు పంతులు కొట్టి కొట్టి నా రాత కుడిచేతికి మార్చాడు. బస్తాల దగ్గర పంతులు లేడు, అక్కడ ఎడమచెయ్యే.

"ఫ్యాక్టరోళ్ళు తప్పు జేసిండ్లు. ఏ చెయ్యైతేంది తియ్యి."

"ఏ చెయ్యైతేందా? ముప్పై ఏండ్లు నీ ఎడమ బుజానికి నూనె రుద్దిన. నాకెర్కలేదా? టీవీల ఎడమచెయ్యే ఉంటది!"

"టీవీల నువ్వెప్పుడు జూసినవే?"

చెయ్యి చాపింది. "ఫోన్ తే. గిట్లనేనా జేసేది? అయ్య చెయ్యి గూడ ఎర్కలేదా వానికి? అడుగుత."

తనే నొక్కింది. ఎన్ని వారాలకు! మోగింది... మోగింది... ఆగిపోయింది. ఎత్తలేదు.

"సూడు! అవ్వ జేత్తే ఎత్తుతలేడు!"

నవ్వు ఆపుకోవడానికి తువ్వాల నోట్లో కుక్కుకున్నాను. "పనిల ఉన్నడో ఏమో. మల్ల జేత్తడు తియ్యి."

"జేత్తే నేనే ఎత్తుత. నువ్వు ముట్టకు."

ఇంకోసారి చేసింది. బిజీ. మా ఇంటికే చేస్తున్నాడో, ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడో... 

ఇది రాస్తుంటే కూడా అక్కడే కూర్చుంది. ఫోన్ ఒళ్ళో ఉంది. బొమ్మ కుడిచేతిలోంచి కొక్కెం ఊడబెరికి ఎడమచేతికి పెట్టాలని చూస్తోంది. రావడం లేదు. ఇరుగుతదే, ఇడువు అంటే వినదు. పొయ్యి మీద చారు మరుగుతున్న వాసన వస్తోంది, లేవదు.

ఫోన్ ఇంకా మోగలేదు.