కత్తికి పూసిన పసుపు

అక్టోబర్ 3, 2018

డ్రాగ్ నైఫ్ వచ్చింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. దీని కోసం మా ఓనర్ మహిధర్ అన్న నెల రోజులుగా కొరియర్ వాళ్లను తిడుతూనే ఉన్నాడు.

ఇన్నాళ్లూ కంప్యూటర్‌తో నడిచే మా CNC మిషన్ మీద చెక్క, యాక్రిలిక్ మాత్రమే కోశాను. ఇక పల్చటి రబ్బరు, గ్యాస్కెట్ పేపరు కూడా కోయాలి. ఈ కత్తికి మోటర్ అక్కర్లేదు. మోటర్ ఆపేసి షీటు మీద ఈడ్చుకుంటూ పోవడమే. ఆఫీసు కుర్చీ చక్రంలా, ఎటు లాగితే అటు తనే తిరుగుతుంది.

మా షెడ్డులో గ్యాస్కెట్లు, అంటే జాయింట్లు లీకవకుండా మధ్యలో పెట్టే ముక్కలు, చేత్తో కోసేది సంజీవ అన్న. పంతొమ్మిదేళ్లుగా రేకు అచ్చు పెట్టి బ్లేడుతో కోస్తున్నాడు. నాకు పని నేర్పింది కూడా ఆయనే. కత్తిని వేలితో ఒకసారి తిప్పి చూసి, మంచిగున్నది అన్నాడు. ఆయన పనికే ఎసరు కదా, నాకే బాధేసింది.

అక్టోబర్ 6

రెండు రోజులుగా మూలలు ఎలుక కొరికినట్టు వస్తున్నాయి. కంప్యూటర్ ముట్టని సంజీవ అన్నే కనిపెట్టాడు. మూల కాడ కత్తి జర తిరగాలె, నువ్వు తిరగనిస్తలేవ్ అన్నాడు. ఆఫ్‌సెట్, అంటే కత్తి మొనకూ అది తిరిగే ఇరుసుకూ మధ్య దూరం, కంప్యూటర్‌లో మార్చాను. చదరం చదరంలా వచ్చింది.

అక్టోబర్ 16

రావిర్యాల దగ్గర ఒక ఫ్యాక్టరీ వాళ్లు శాంపిల్ అడిగారు. నలభై గ్యాస్కెట్లు, ఒక్కోదానికి మధ్యలో నలుచదరపు కంత. సోమవారానికి ఇవ్వాలి. పాసయితే ఏడాది పని. మహిధర్ అన్న ఈ మాట పొద్దున్నుంచి పదిసార్లు చెప్పాడు.

అక్టోబర్ 18, దసరా

నిన్న బతుకమ్మ ఆడి కాళ్లు ఇంకా లాగుతున్నాయి. పొద్దున్నే షెడ్డులో మిషన్ల పూజ. కొత్త కత్తికి మంచిగ పెట్టు రేణుకా అన్నాడు మహిధర్ అన్న. పసుపు తడిపి కత్తిని పట్టే హోల్డర్ చుట్టూ పూశాను, మీద కుంకుమ బొట్లు. ఉత్సాహంలో కాస్త ఎక్కువే పూశాను. రేపు కూడా సెలవు.

అక్టోబర్ 20

మూలలన్నీ చిరిగాయి.

అక్టోబర్ 22

ఆఫ్‌సెట్ చూశాను. బ్లేడ్ మార్చాను. నలభైలో ఒక్కటీ పనికిరాలేదు. ఫ్యాక్టరీ వాళ్లు గురువారం దాకా గడువిచ్చారు.

మహిధర్ అన్న అరిచాడు, నా మీద కాదు. కత్తి వచ్చిన కాంచి నీ మొకం చూస్తనే ఉన్న, దాన్ని నువ్వే ఏదో చేసినవ్, రేపటి సంది రాకు అని సంజీవ అన్నను అన్నాడు. ఆయన టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. రేకు అచ్చులు ఇక్కడే ఉన్నాయి.

నిజం రాయాలంటే, ఆయనే చేశాడేమో అని ఒక్క క్షణం నాకూ అనిపించింది. సిగ్గుగా ఉంది.

అక్టోబర్ 23, మధ్యాహ్నం 12

హోల్డర్ విప్పాను. కత్తి తిరిగే బేరింగ్ లోపలంతా పసుపు. ఎండి గట్టిపడింది. వేలితో తోసినా కత్తి తిరగడం లేదు.

నేను పూసిన పసుపే.

సాయంత్రం 5

పెట్రోల్‌తో కడిగి, నలభై మళ్లీ కోశాను. మూలలు బ్రహ్మాండంగా వచ్చాయి. చెబుదామని నోరు తెరిచేలోపే మహిధర్ అన్న మొదలుపెట్టాడు. చూసినవా, గాయన ఒక్క దినం రాకపోతే మిషన్ ఎట్ల దారికొచ్చిందో అన్నాడు. నేను నలభై లెక్కపెట్టి డబ్బాలో సర్దాను.

అక్టోబర్ 25

శాంపిల్ పాసైంది. స్వీట్లు పంచారు. తినలేకపోయాను అని రాయాలనుంది. రెండు తిన్నాను.

అక్టోబర్ 26

చెప్పేశాను. మహిధర్ అన్న నవ్వాడు. పూజ చేస్తే మిషన్ ఖరాబైతదా, మా బాపు కాలం నుంచి చేస్తున్నం అన్నాడు. ఆ పాత మిషన్లలో ఇంత సన్నటి బేరింగ్ లేదని చెప్పినా వినలేదు. సంజీవ మీద జాలితో అబద్ధమాడుతున్నావన్నాడు.

మధ్యాహ్నం సెలవు పెట్టి మన్నెగూడ వెళ్లాను, సంజీవ అన్న ఇంటికి. చెప్పు తెగితే కుట్టుకుంటున్నాడు. తప్పు నాదే అన్నా అని మొత్తం చెప్పాను. తనకు ఎరికే అన్నాడు. ఆ రోజు ఇంటికి పోతుంటే, నేను దసరా నాడు అంత పసుపు పూయడం బస్సులో యాదికొచ్చిందట. మరి వెనక్కొచ్చి ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే నీ పని పోతది అన్నాడు. కుట్టు వేస్తూనే, నువ్వే చెప్తవనుకున్న అని కూడా అన్నాడు.

నేను చెప్పడానికి మూడు రోజులు పట్టింది.

అక్టోబర్ 27

మహిధర్ అన్న కళ్లముందే కత్తికి మళ్లీ పసుపు పూశాను. ఎండలో పెట్టి, ఆరేదాకా ఇద్దరం కూర్చున్నాం. కోశాను. మూల చిరిగింది.

ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫోన్ తీశాడు. సంజీవ నంబర్ చెప్పు అన్నాడు. పంతొమ్మిదేళ్లలో ఆయనకు ఫోన్ చేసే పనే పడలేదట. రోజూ ఎనిమిదింటికి తనే వచ్చేవాడు కదా అన్నాడు.