మలుపు దగ్గర ఇసుక

నాచారం,
16-7-2011, శనివారం.

చిరంజీవి విజయభాస్కర్‌కు అన్నయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేనూ, నీ కూతురు హరితా బాగానే ఉన్నాం. కాకినాడలో నువ్వూ, మరదలు కనకమహాలక్ష్మీ బాగున్నారని తలుస్తాను. బాగానే అన్నాను గానీ, పిల్ల మోచేయి కొంచెం గీరుకుపోయింది. ఎముకకు ఏమీ కాలేదు, డాక్టరుకు చూపించాను. నీకు చెప్పొద్దంది. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను, కానీ అక్కడిదాకా రావడానికి నాకు కాస్త వ్యవధి కావాలి.

ఫోన్ చేయకుండా ఇంకా ఈ ఉత్తరాలేమిటని అడిగావు. ఫోన్లో నువ్వు అడ్డుపడతావు. నాన్నగారు మంచాన పడ్డప్పుడు కూడా నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వలేదు. కాగితం మీద నీకా వీలు లేదు.

చదువుతున్నావా అని అడిగావు. కళ్లు ఒప్పుకున్నంత మేర చదువుతున్నాను. ముప్పయ్యేళ్లు లైబ్రరీలో బతికినవాడికి వేరే వ్యసనం ఏముంటుంది? నా తర్వాత చేరి నా మీద అధికారి అయిన రామచంద్రరావు పోయిన నెల కాలం చేశాడు. సంతాపసభలో అతణ్ణి గొప్ప చదువరి అన్నారు. అట్ట మీద పేరు దాటి లోపలికి వెళ్లిన మనిషి కాదు. సభలో నాకు మైకు ఇవ్వలేదు కనుక నీకు రాస్తున్నాను.

ఇక హరిత సైకిల్‌కు నువ్వు పంపిన టైర్లు. చేరాయి. పార్శిల్ విప్పుతుంటేనే పాత అనుమానాలన్నీ లేచాయి. నువ్వు కొనే వస్తువులు నాకు తెలియనివా? అమ్మకు నువ్వు తెచ్చిన కుక్కర్ మొదటిరోజే మూత ఎగరేసింది. నా పెళ్లికి నువ్వు కుట్టించిన చొక్కా పీటల మీదే చంకలో చిరిగింది. టైర్లు చూస్తే బొటనవేలంత వెడల్పు లేవు. ఈ ఆదివారం ఆ పిల్ల వాటి మీద సైకిల్ పందానికి వెళ్లాలి. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద అన్నోజిగూడ దాకా వెళ్లి, అక్కడ తిరిగి రావాలి. గెలిస్తే రాష్ట్ర జట్టు. వానాకాలం, తడి రోడ్డు.

అందుకని ముందు నేనే ఎక్కి చూశాను. నవ్వకు. పోయిన వారం ఒకరోజు హరిత స్నేహితురాలి బండి మీద కాలేజీకి వెళ్లింది. నేను ఆ సైకిల్‌ను ఉప్పల్‌లో షాపుకు తీసుకెళ్లి నీ టైర్లు వేయించాలని బయల్దేరితే, పక్కింటి శ్యామలమ్మ గేటు దగ్గర ఆపింది.

"ఏంది సారూ, గీ వయసుల గీ సర్కస్ ఏంది? పడ్తే ఎవలు మోస్తరు?"

"నువ్వే."

"నా నడుమే నన్ను మోస్తలేదు. జర పైలం" అంది.

షాపులో నీ టైర్లు వేయించి, పందెం దారిలోనే బయల్దేరాను. నా జీవితమంతా సైకిల్ తొక్కాను గానీ ఇది వేరే జంతువు. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్ పట్టుకుంటే తల ముందుకు, ప్రాణం వెనక్కు. మేడిపల్లి దాటాక ఒక లారీ నా భుజాన్ని తాకినంత దగ్గరగా వెళ్లింది. ఆ గాలికి కొట్టుకుపోతాననుకున్నాను. తప్పు దొరకాలని తడి రోడ్డు మీద కావాలనే గట్టిగా బ్రేకు వేశాను. వంకర్లు తిప్పాను. ఏమీ కాలేదు. అన్నోజిగూడలో వెనక్కి తిరిగే మలుపులో మాత్రం వెనక చక్రం పక్కకు జారింది. కాలు నేలకు ఆనించి, పక్కనున్న కరెంటు స్తంభాన్ని కావిలించుకున్నాను. చూస్తే రోడ్డు మీదంతా ఇసుక. పక్కన పోశయ్య అనే అతను ఇసుక, కంకర అమ్ముతాడు. వానకు అతని కుప్ప కారి రోడ్డెక్కింది.

"ఏమయ్యా, నీ ఇసుక రోడ్డు మీదికొచ్చింది, మనుషులు చస్తారు" అన్నాను.

"వాన గుంజుకొచ్చింది, నేను జేస్తినా? గంత భయమైతే చీపురు తెచ్చి నువ్వే ఊడ్సుకో సారూ" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

వచ్చేటప్పుడు ఆ షాపులోనే టైర్లు విప్పించి, మళ్లీ అరిగిపోయిన పాతవే వేయించాను. సాయంత్రం హరిత అడిగింది.

"పెదనాన్నా, నాన్న పంపినవి వచ్చాయా?"

"వచ్చాయి. పనికిరావు."

"ఎందుకని?"

"మీ నాన్న కొన్నవి కదా!"

పిల్ల నవ్వింది, నమ్మింది. నీ కుక్కర్ కథా, చొక్కా కథా నా నోట వినీ వినీ పెరిగిన పిల్ల. "నాన్నకు చెప్పి మార్పించనా?" అంటే, "వద్దు, బాధపడతాడు" అన్నాను. చూశావా, నీ మీద జాలి కూడా చూపించాను.

భాస్కరం, ఆ టైర్లలో ఏ లోపమూ లేదు. నేను భయపడింది అందుకే. పాత టైర్లు వానలో జారతాయని దానికి తెలుసు, మలుపు రాగానే నెమ్మదిస్తుంది. నీ టైర్లు వేస్తే నెమ్మదించదు. వాటి మీద నేనే, అరవై నాలుగేళ్లవాణ్ణి, ఎక్కడా నెమ్మదించాలనుకోలేదు. ఆ పిల్ల ఎలా పోతుందో కళ్లకు కట్టింది. మీ వదిన పోయాక ఈ ఇంట్లో గిన్నెల చప్పుడు విన్నది ఈ పిల్ల వచ్చాకే. దాని భయాన్ని దానికి కాపలా పెట్టి, నీ టైర్లు అటక మీద పాత పుస్తకాల వెనక దాచాను.

మొన్న గురువారం ఆ పాత టైర్ల మీదే పడింది. నెమ్మదిగా వెళ్తూనే పడింది. మోచేతికి మందు పూస్తుంటే, "టైర్లు నున్నగా అరిగిపోయాయి పెదనాన్నా. నాన్న ఒక్కసారైనా కాస్త చూసి కొని ఉంటే..." అని కళ్లు తుడుచుకుంది. ఆ మాట నీ ఇంట్లోవాళ్ల నోట ఎప్పుడు వింటానా అని నలభై ఏళ్లు ఎదురుచూశాను. విన్నాక దూది పక్కన పెట్టి అటక వంక చూశాను.

అయినా నిన్నంతా చెప్పకుండా దాచాను. ఈ పొద్దున అటక మీంచి దించి ముందు పెట్టాను. "మీ నాన్న మంచివే కొన్నాడు. నేనే అబద్ధమాడాను. తొక్కి చూశాను కూడా" అన్నాను. ఒక టైరు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తిడుతుందనుకున్నాను.

"మలుపులో పట్టు ఎలా ఉంది పెదనాన్నా?" అంది.

"ఇసుక లేనిచోట బాగుంది" అన్నాను.

ఇది రాస్తుంటే వసారాలో కూర్చుని వాటిని బిగించుకుంటోంది. పంపు చప్పుడు వినిపిస్తోంది. ఈ ఉత్తరం నీకు అందేసరికి పందెం అయిపోయి ఉంటుంది. ఏం జరిగిందో నీకు తెలిసే ఉంటుంది. నాకు ఇంకా తెలియదు.

మధ్యాహ్నం బజారుకు వెళ్లి పొడుగు కర్ర చీపురు కొన్నాను. శ్యామలమ్మ చూసి, "ఏంది, మున్సిపాలిటీల చేరినవా సారూ?" అంది. రేపు ఉప్పల్‌లో మొదటి బస్సు ఎక్కి అన్నోజిగూడలో దిగుతాను. పోశయ్య నవ్వితే నవ్వనీ. వాన పడి మళ్లీ ఇసుక కారితే మళ్లీ ఊడుస్తాను. పిల్ల ఆ మలుపు తిరిగి వెళ్లేదాకా ఊడుస్తూనే ఉంటాను.

ఇట్లు,
నీ టైర్లకు వంక పెట్టలేకపోయిన
అన్నయ్య,
నరసింహమూర్తి.